ఆ మానుని తోమింది నేనే

ఐదేళ్ల కిందట మా తెలుగు సంఘం సావనీరులో నేనొక వ్యాసం రాశాను. మేముండే బాతెల్ ఊరికి ముప్పావు గంట దూరంలో, కొండల మొదట్లో ఉన్న అడవిలో మేం చేసుకున్న కార్తీక వనభోజనాల గురించి. చివర్లో ఒక విచారకరమైన పేరా చేర్చాను. ఆ అడవిలో నాచు దొంగలు పడ్డారనీ, కూలిన ఒక మహావృక్షం మీద ఏళ్ల తరబడి పెరిగిన నాచునంతా ఊడ్చుకుపోయారనీ, అందుకే ఇప్పుడు ఆ చోటికి ఎవరినీ వెళ్లనివ్వడం లేదనీ రాశాను. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. ఒకాయన ఫోన్ చేసి, "చివరి పేరా దగ్గర మనసు కలుక్కుమందండీ" అన్నారు.

వనభోజనాలు నిజం. నాచు పోవడం నిజం. దొంగలు మాత్రం లేరు. ఆ నాచుని తీసింది నేను. ఒక శనివారం పొద్దుట మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా, వైర్ బ్రష్‌తో గీకి, బ్లీచ్ పోసి తీశాను. నేను తోమగా మీరంతా అన్నం తిన్న మాను అదే.

నేను ఈ ప్రాంతానికి వచ్చింది డెబ్బై ఏడులో, విమానాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా. చలికి సిద్ధపడి వచ్చాను గాని ఈ పచ్చదనానికి సిద్ధపడి రాలేదు. ఇంటి కప్పు మీద నాచు, కారు నిలిపే సిమెంటు బాట మీద నాచు. ఒక చలికాలం వారం రోజులు కారు తీయకపోతే అద్దాల రబ్బరు అంచుల్లో కూడా మొలిచింది. ఇరుగుపొరుగు వాళ్లకి అది కనపడేదే కాదు. నాకు వేరే ఏదీ కనపడేది కాదు.

దానికో కారణం ఉంది. తెనాలి దగ్గర మా ఇంట్లో నూతి చప్టా మీద మా మేనత్త కాలు జారి పడింది. అప్పటికి ఆవిడకి ముప్పై ఐదేళ్లు కూడా లేవు. తుంటి ఎముక విరిగింది. తర్వాత ఇరవై ఏళ్లు వసారాలో నులక మంచం మీదే ఉంది. ఆనాటి నుంచీ మా అమ్మ వారానికోసారి బ్లీచింగ్ పౌడరు చల్లి, కొబ్బరి పీచుతో ఆ చప్టాని ఎర్రటి ఇటుక కనపడేదాకా రుద్దేది. ఇంట్లో పేరంటం గాని, తద్దినం గాని ఉంటే ముందు చప్టా చూసి వచ్చాకే పొయ్యి వెలిగించేది. నలుగురు అడుగుపెట్టే చోట పచ్చగా ఏదైనా కనిపిస్తే నాకు ఎముక విరిగిన చప్పుడు వినిపిస్తుంది. ఇప్పటికీ అంతే.

సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలిన రెండేళ్లకు, ఎనభై రెండులో, మా అత్తగారు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. కార్తీక మాసం మొదలైంది. బయట ఒకటే వాన. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కొండల వైపు చూసి అన్నారు:

"ఏం బాబూ, ఇంత అడవి ఎదురుగా పెట్టుకుని మీరెవరూ వనభోజనాలకి పోరా?"

"వేసవిలో పిక్నిక్‌కి వెళ్తామండీ అత్తయ్య గారూ. ఇప్పుడంతా వాన కదా."

"కార్తీకంలో తింటే వనభోజనం. ఎండాకాలంలో తింటే ఎండలో భోజనం."

మా ఆవిడ వంటింట్లోంచి కేక వేసింది. "అమ్మా, ఈ దేశంలో ఉసిరి చెట్టు ఉండదే."

"ఉసిరికాయ పచ్చడి తెచ్చానుగా. సీసా తీసుకెళ్లి ఏదో ఒక చెట్టు మొదట్లో పెడితే దేవుడే సర్దుకుంటాడు."

పదకొండు కుటుంబాలు సరేనన్నాయి. చోటు చూసే పని నాకు పడింది. కారు ఆపే చోటి నుంచి పావు మైలు లోపల, వాగు పక్కన డగ్లస్ ఫర్ అనే దేవదారు లాంటి చెట్టు మాను ఒకటి పడి ఉంది. ఎప్పుడో నూరేళ్ల కిందట కూలినట్టుంది. నడుము ఎత్తు లావు, రెండు బస్సుల పొడవు. పై భాగం కుంగి బల్లలాగా చదునైంది. దాని మీద జానెడు మందాన నాచు. పక్షి ఈకలు పేర్చినట్టుండే నాచు అది, ఆకుపచ్చలో కొంచెం బంగారు రంగు కలిసి. నాచులోంచి వేలెడంత హెమ్లాక్ చెట్ల మొలకలు బారుగా లేచి ఉన్నాయి. వడ్డనకి ఇంతకన్నా మంచి బల్ల దొరకదనుకున్నాను. ఆ వెంటనే, దీని మీద పెద్దవాళ్లు చెయ్యి ఆనించినా జారతారే అనుకున్నాను.

శనివారం బకెట్లు, బ్లీచ్ డబ్బాలు, బ్రష్‌లు వేసుకుని వెళ్లాను. కారు ఆపే చోట ఒకాయన పాత ట్రక్కులోకి గోనె సంచులు ఎక్కిస్తున్నాడు. యాభై ఏళ్ల మనిషి, గడ్డం. సంచుల్లో నాచు. పూలకొట్ల వాళ్లు బుట్టల అడుగున పరవడానికి కొంటారు. అది ఏరుకుని అమ్మడానికి అటవీ ఆఫీసు పర్మిట్ ఇస్తుంది. నా బకెట్లు చూసి నవ్వాడు.

"చేపలకా?"

"కాదు, పిక్నిక్‌కి."

"ఈ వానలోనా? దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. చల్లగానే చూస్తాడులెండి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన వెళ్లిపోయాడు.

మాను మీద అక్కడక్కడా అల్యూమినియం బిళ్లలు కొట్టి ఉన్నాయి. ఒక్కో దాని మీద ఒక అంకె. వాటి మధ్య సన్నటి దారాలు లాగి గళ్లు కట్టి ఉన్నాయి. కలప కంపెనీ గుర్తులేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఏమిటా అని ఒక్క నిమిషం కూడా ఆగి ఆలోచించలేదు. చీరలకి పట్టుకుంటాయని పటకారుతో బిళ్లలు పీకాను. దారాలు తెంపాను. హెమ్లాక్ మొక్కల్ని గడ్డి పీకినట్టు పీకాను. తర్వాత నాచు. కింద చెయ్యి పెట్టి ఎత్తితే తడి కంబళిలా బరువుగా లేచింది. దాని అడుగు నుంచి ఏవేవో చిన్న ప్రాణులు పరుగెత్తాయి. మెత్తటి బల్లిలాంటిది ఒకటి, గోధుమ రంగుది, కదలకుండా నా వైపు చూస్తూ ఉండిపోయింది. సాలమాండర్ అంటారని తర్వాత తెలిసింది. దాన్ని కర్రతో పక్కకి నెట్టాను. మిగిలిందంతా గీకి, బ్లీచ్ నీళ్లు పోసి, అరగంట నాననిచ్చి, వాగు నీళ్లతో కడిగాను.

మర్నాడు చినుకుల్లోనే పులిహోర, గుత్తివంకాయ, పెరుగన్నం ఆ మాను మీద వడ్డించుకున్నాం. ఉసిరి పచ్చడి సీసాని ఒక సీడర్ చెట్టు మొదట్లో పెట్టి అత్తగారు దీపం వెలిగించారు. మాను మీద అరచెయ్యి రాసి చూసి, "అల్లుడు గారు అద్దంలా తోమారే! మా ఇంటి చప్టాకి కూడా పిలిపించుకోవాలి" అన్నారు. అందరూ నవ్వారు. నాకు గర్వంగా ఉంది. తీసిన బిళ్లలు, దారాలు కాగితం ప్లేట్లతో పాటు చెత్త సంచిలోకి పోయాయి.

రెండు వారాల తర్వాత, అత్తగారి ఇత్తడి గిన్నె అక్కడ మరిచిపోయామని తేలితే వెతకడానికి వెళ్లాను. మాను పక్కన ఒక అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. పసుపు పచ్చ రెయిన్‌కోటు. గ్లవ్స్ తీసేసి, ఉత్త చేతుల్తో మానుని తడుముతోంది, చీకట్లో ఏదో పోగొట్టుకున్న మనిషిలా. నన్ను చూసి, "ఇక్కడ ఏం జరిగిందో మీకు తెలుసా?" అంది. ఆమె పెదవులు వణుకుతున్నాయి. నేను చలికేమో అనుకున్నాను.

ఆమె విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. ఆరేళ్లుగా ఈ ఒక్క మానునే చూస్తోంది. బిళ్లలు ఆమెవి. గళ్లు ఆమెవి. మాను అడుగున, నా బ్రష్ అందని చోట, కొంచెం నాచు మిగిలి ఉంది. అందులోంచి ఒక్క పోగు తీసి నా అరచేతిలో పెట్టింది.

"దీన్ని మెట్ల నాచు అంటాం. చూడండి, పోయినేడు వచ్చిన ఆకు వీపు మీంచి ఈ ఏటి ఆకు లేస్తుంది. ఏడాదికి ఒక్క మెట్టు. లెక్కపెట్టండి."

లెక్కపెట్టాను. ఏడు మెట్లు. వేలి పొడవు కూడా లేదు.

ఆమె మాట్లాడుతూనే ఉంది. ఆపితే ఏడుపు వస్తుందని భయపడ్డట్టుంది. నాచుకి వేళ్లుండవట. మానుని తినదట. ఆకులతోనే వాన నీరు తాగుతుంది, గాలిలోంచి పడే ధూళిలోనే తిండి ఏరుకుంటుంది. తన బరువుకి ఎన్నో రెట్ల నీళ్లు పట్టి ఉంచుతుంది. ఆగస్టులో ఇక్కడ వాన ఉండదు, అడవి నేల ఎండి పొట్టవుతుంది. అప్పుడు కూడా దీని కింద మాను చెమ్మగా ఉంటుంది. హెమ్లాక్ గింజ నువ్వు గింజంత. కింద దట్టంగా పడ్డ ఆకుల్లో పడితే బతకదు. కూలిన మాను మీద, తడి ఆరని చోట పడితే వేరు పోసుకుంటుంది. ఈ అడవిలో పెద్ద హెమ్లాక్‌లు బారులు తీరి నిలబడి ఉంటాయే, వాటి కింద ఒకప్పుడు ఇలాంటి మాను ఉండేది. పిట్టలు గూళ్లకి ఈ నాచునే ఏరుకెళ్తాయి. సాలమాండర్లకి చర్మం ఆరితే చావే, అవి దీని కిందే బతుకుతాయి.

"నా గళ్లలో నలభై ఒక్క మొక్కలుండేవి. ఒక్కొక్కటీ ఏ ఏడు మొలిచిందో నాకు తెలుసు. ఎవరు చేస్తారు ఇలాంటి పని?" అంది.

నా అరచేతిలో ఏడేళ్లు ఉన్నాయి. నోరు తెరిచాను. నేనే అని చెప్పడానికే తెరిచాను. వచ్చిన మాట ఇది: "ఆ శనివారం ఒక మనిషిని చూశాను. ట్రక్కులో గోనె సంచులతో నాచు ఎక్కిస్తున్నాడు."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అందుకే అంత తేలిగ్గా వచ్చింది. ఆమె నా పేరు, అడ్రసు రాసుకుని నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది. గిన్నె వెతక్కుండానే వచ్చేశాను.

వసంతంలో పోస్టులో ఒక కార్డు వచ్చింది. నీలం పూల బొమ్మ. లోపల ఆమె చేతిరాత: మీరు చెప్పడం వల్ల అతన్ని గుర్తుపట్టగలిగాం, అటవీ ఆఫీసు అతని పర్మిట్ రద్దు చేసింది, మీలాంటివాళ్లు ముందుకు రావడం ఈ అడవి అదృష్టం. ఆ కార్డు పట్టుకుని పోస్టు డబ్బా దగ్గరే ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఒక మనిషి బతుకుతెరువు పోయింది, దానికి నాకు పూల బొమ్మ వచ్చింది.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ బాటకి గొలుసు కట్టారు. మన వాళ్లు మళ్లీ కార్తీకానికి వెళ్దామంటే, దొంగల కథ చెప్పాను. కథ బాగుందని సావనీరుకి రాయమన్నారు, రాశాను. అచ్చయ్యాక మా ఆవిడ చదివి తలెత్తింది.

"ఏవండీ, మనం కూర్చుని తిన్నది ఆ మాను మీదే కదూ?"

"కాదు. అది లోపల ఇంకోటి."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి పుస్తకం మూసేసింది. మళ్లీ అడగలేదు. అడగకపోవడం ఎంత భరించలేనిదో ఆ తర్వాతి ఏళ్లలో తెలిసింది.

నిరుడు శరదృతువులో మా కప్పు కురవడం మొదలైంది. నాచు పలకల కింద దూరిందన్నారు. నడుం నొప్పితో నేను ఎక్కలేక, పేపర్లో ప్రకటన చూసి ఒక మనిషిని పిలిపించాం. ట్రక్కు దిగిన మనిషి ఆ నాడు నాచు సంచులు ఎక్కించిన ఆయనే. గడ్డం నెరిసింది, అంతే తేడా. ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

నిచ్చెన వేసుకుని మందు కొట్టాడు. గంటలో కప్పు మీద నాచు పాలిపోయి, ఎండిన పసుపు రంగుకి తిరిగింది. కిందికి దిగి కాఫీ కప్పు అందుకుని పైకి చూపించాడు.

"ఆ రంగు చూశారా? బ్లీచ్ తగిలితే అలా అవుతుంది. ఆ రంగు అడవిలో ఒక్కసారే చూశాను, ఒక మాను మీద. అది నేను చేశానన్నారు."

నేను కప్పు కింద పెట్టాను.

"నాచు ఏరేవాడు బ్లీచ్ ఎందుకు పోస్తాడండీ? చచ్చిన నాచుని ఎవడు కొంటాడు? మేం దుప్పటి చుట్టినట్టు మెల్లగా చుడతాం. ప్రతి మాను మీదా కొంత వదిలేస్తాం, అక్కణ్ణించే మళ్లీ పాకుతుంది. మా అమ్మ నేర్పిన పద్ధతి. ఆఫీసులో మొత్తుకున్నాను, వాసన చూడండి, చెక్క రంగు చూడండి అని. నువ్వు అలాగే అంటావులే అన్నారు. ఎవడో నన్ను చూశాడట, పెద్దమనిషి." ఆయన నవ్వాడు. "ఇప్పుడు చూడండి, బ్లీచ్‌తోనే బతుకుతున్నాను."

ఆరేళ్లపాటు ఆయన నిర్దోషి అనే సాక్ష్యం ఆ మాను మీదే అందరి కళ్ల ముందూ పడి ఉంది. చదవగలిగింది ఇద్దరమే. ఆయన మాట ఎవరూ వినలేదు. నేను చెప్పలేదు.

"ఆ పెద్దమనిషిని నేనే. బ్లీచ్ పోసింది కూడా నేనే" అన్నాను.

ఆయన నన్ను పరీక్షగా చూశాడు. వానలో నిలబడ్డ ఆ శనివారం ఆయన మొహంలోకి నెమ్మదిగా వచ్చింది.

"బకెట్లు" అన్నాడు. కాసేపటికి, "పిక్నిక్" అన్నాడు.

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నిచ్చెన మడిచాడు, గొట్టం చుట్టాడు. ట్రక్కు తలుపు దగ్గర ఆగాడు.

"పర్మిట్ పోతే పోయింది. ఆ అమ్మాయి పరిశోధనకి పట్టిన నీళ్ల సీసాలు వాగు దాటించేది నేనే, తెలుసా? రెండు చలికాలాలు. ఇప్పుడు కిరాణా కొట్టులో కనపడితే వేరే వరసలోకి తిరిగిపోతుంది. వెళ్లి ఆమెకి చెప్పు."

ఆమె ఇప్పుడు మూడు గంటల దూరంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. సెలవులకి ఇక్కడికి వస్తుంటుంది. ఫోన్‌లో చెప్పే విషయం కాదని కారులో వెళ్లాను. ఆమె గదిలో కూర్చుని, బిళ్లలు పీకిన దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. నా సంజాయిషీగా మేనత్త సంగతి కూడా మొదలుపెట్టి, సిగ్గేసి మధ్యలో ఆపేశాను.

ఆమె కోప్పడలేదు. ఒక కాగితం ముందుకు లాక్కుని, "బకెట్‌కి ఎంత బ్లీచ్ కలిపారు?" అంది. "ఎంతసేపు ఉంచారు? మాను మొత్తమా, పై భాగమా?" నేను చెబుతుంటే రాసుకుంది. చెయ్యి నిలకడగానే ఉంది గాని మొహం తెల్లగా పాలిపోతూ వచ్చింది. లేచి బీరువాలోంచి అచ్చయిన ఒక పరిశోధన వ్యాసం తీసి నా ముందు పెట్టింది.

ఆ మాను అలా పోయాక ఆమె దాన్ని వదిలేయలేదట. చేత్తో నాచు తీసిన మాను మళ్లీ ఎన్నేళ్లకి కోలుకుంటుందో చూద్దామని, ఏటా వచ్చి కొలిచింది. ఐదేళ్లయినా దాదాపు ఏమీ రాలేదు. నాచు ఏరడం వల్ల ఇంత నష్టమని రాసింది. అది చూసి అటవీ ఆఫీసు ఆ కొండ మీద ఏ ఒక్కరికీ పర్మిట్ ఇవ్వడం మానేసింది.

"ఇది చేత్తో తీసిన మాను కాదన్నమాట" అంది. "విషం పోసిన మాను."

నేను ముంచింది ఒక్క మనిషినే అనుకున్నాను, ఒక్కణ్ణే ముంచినా తక్కువేం కాదు. మొహాలు కూడా తెలియని ఎందరో, నా బ్లీచ్ బకెట్ వల్ల, ఆమె నిజాయితీగా వేసిన లెక్కల వల్ల పని పోగొట్టుకున్నారు. నా అబద్ధం ఆమె పేరు మీద అచ్చయి ఉంది. నేను సావనీరులో రాసింది నలుగురు చదివి మరిచిపోయి ఉంటారు. ఇది పిల్లలకి పాఠంగా చెబుతున్నారు. ఆమే చెబుతోంది.

ఆ వ్యాసం తప్పని పత్రికకి రాస్తానంది. నన్ను జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టమంది. అక్కడే రాశాను, ఒకటి పత్రికకి, ఒకటి అటవీ ఆఫీసుకి, ఒకటి ఆ నాచు ఏరిన ఆయనకి.

ఆ వచ్చే ఆదివారం ఆయన ఇంటికి వెళ్లాం. ఆమె తన కారులో, నేను నా కారులో. కొండ కింద, రోడ్డు చివర చిన్న రేకుల ఇల్లు. ముందు మూడు చెక్క మెట్లు. ఆయనే తలుపు తీశాడు.

"నువ్వు కాదని తెలిసింది. నన్ను క్షమించు" అంది ఆమె.

ఆయన నా వైపు తల ఆడించాడు. "ఇతను చెబితే తెలిసిందా?"

"అవును."

"నేను నాచు తీయడం నువ్వు చూశావు. పక్కన నిలబడి చూశావు. ఎంత వదులుతానో టేపు పెట్టి కొలిచి నీ పుస్తకంలో రాసుకున్నావు. ఆ మానుని చూసి, అది నా చేతి పనని ఎలా అనుకోగలిగావు?"

ఆమె చాలా నెమ్మదిగా అంది: "ఒక మనిషి చూశానని చెప్పాడు."

అంతే. అది తప్ప ఇంకో కారణం లేదు. కళ్లతో చూసి, కొలిచి రాసుకున్న దానికన్నా నా ఒక్క వాక్యం ఎక్కువైంది. ఆ మాట విన్నాక ఆయన మొహం చూడలేక మెట్ల వైపు చూశాను.

ఉత్తరం అందించాను. ఆయన నిలబడే చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆమె కోసం తలుపు తెరిచి పట్టుకుని పక్కకి జరిగాడు. ఆమె లోపలికి వెళ్లింది. నేను రెండో మెట్టు మీద ఉన్నాను. ఆయన నన్ను చూశాడు. తలుపు మెల్లగానే మూశాడు.